కూర్చుని కొలవాల్సిన నగ

ముహూర్తం రాత్రి 9.40కి. 8 దాటాక నా ఫోను మోగింది. "అక్కా, చెల్లికి బెల్టు పట్టట్లేదు. నువ్వొక్కసారి రా అక్కా, కాదనకు" అంది పెళ్లికూతురి అక్క. ఏడుపు ఆపుకుంటోందని గొంతులోనే తెలుస్తోంది. జాకెట్టు కుట్టింది నేనే. బెల్టు మాత్రం వాళ్లు ఫోనులో బొమ్మ చూసి ఎక్కడినుంచో తెప్పించుకున్నారు. సూదీ దారం, కత్తెర, హుక్కుల డబ్బా, జాకెట్టులో మిగిలిన పట్టుముక్క సంచిలో వేసుకుని బండి తీశాను.

కల్యాణమండపం గదిలో ఆ పిల్ల గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కూర్చోనివ్వట్లేదట, కూర్చుంటే బెల్టు అసలే అందదని. ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగుతున్నారు. కొక్కేనికీ కన్నానికీ మధ్య 3 అంగుళాల ఖాళీ. "వారం రోజుల్నుంచి ఒంటిపూట తింటోందమ్మా, అయినా తగ్గలేదు" అంది వాళ్లమ్మ, తప్పేదో ఆ పిల్లదే అయినట్టు. నేను టేపు తీశాను. ఒట్టి నడుము 34. బెల్టు మీద రాసిందీ 34. అంకెల్లో తప్పేం లేదు. కానీ ఆ నడుము మీద లంగా ఉంది, బొందు ముడి ఉంది, కంచిపట్టు చీర చుట్లున్నాయి, దోపిన కుచ్చిళ్లున్నాయి, వాటి మీద పైట మడతలున్నాయి. అన్నీ కలిపి కొలిస్తే 37. ఒంటిపూట తిన్నా, అసలు తినకపోయినా తగ్గే అంగుళాలు కావవి.

వెనక ఎడమవైపు, పైట కిందకి వచ్చే చోట బెల్టు కోసి, 4 అంగుళాల పట్టుముక్క అతికి, లోపల రెండు వరసల ఎలాస్టిక్ పెట్టి కుట్టాను. 25 నిమిషాలు పట్టింది. బెల్టు పెట్టి కుర్చీలో కూర్చోబెట్టాక ఆ పిల్ల ముందు గట్టిగా ఊపిరి తీసుకుంది. తర్వాత మజ్జిగ అడిగింది.

ఆ రాత్రి ఇంటికొస్తూ అనుకున్నాను, ఈ బెల్టుల సంగతి నాకు తెలిసినంతవరకు ఒకచోట రాసిపెట్టాలని.

బందరులో 27 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మొదటి పదిహేనేళ్లలో చీర మీదకి బెల్టు కుట్టమని నన్ను అడిగినవాళ్లు లేరు. పెళ్లికి వడ్డాణం పెట్టుకునే స్తోమత ఉన్నవాళ్లు పెట్టుకునేవాళ్లు. అది కంసాలి పని, నాది కాదు. ఇప్పుడు మగ్గం వర్క్ జాకెట్టు ఇచ్చే ప్రతి అమ్మాయీ "అక్కా, ఇదే డిజైనులో బెల్టు కూడా" అంటోంది. హల్దీకి ఒకటి, సంగీత్‌కి ఒకటి, రిసెప్షన్ లెహంగా మీదకి ఒకటి. కాలేజీ పిల్లలు కాటన్ చీర మీద తోలు బెల్టు పెట్టుకుంటున్నారు, వదులు కుర్తా మీదా పెట్టుకుంటున్నారు. పెద్దవాళ్లు కొందరు నా కొట్లోనే కూర్చుని "ఇదేం వేషమమ్మా, చీర మీద బెల్టేంటి" అంటుంటారు. కొత్తది బెల్టు అన్న పేరేనండీ, వస్తువు మనదే అని చెబుతుంటాను.

మన మాటల్లోనే చూడండి. పసిబిడ్డ నడుముకు కట్టేది మొలతాడు. సన్నని పేటగా చేయిస్తే మొలనూలు. గుడ్డతో చుడితే దట్టి, నడికట్టు. బంగారంతో వెడల్పుగా చేయిస్తే వడ్డాణం. పాతవాళ్లు ఒడ్డాణం అనేవారు, తమిళులు ఒట్టియాణం అంటారు. సంస్కృతం చదువుకున్నవాళ్లకి మేఖల, కాంచి, రశన. పెద్ద పనికి దిగినవాళ్లని నడుం కట్టారంటాం, నడుం బిగించారంటాం. మా అమ్మ నాట్లకు దిగేముందు కొంగు నడుము చుట్టూ తిప్పి గట్టిగా దోపుకునేది. పైట జారకూడదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉండాలి. ఈ రోజు చీర కట్టుకుని ఆఫీసుకు వెళ్లే అమ్మాయి బెల్టు అడిగేదీ అందుకే. పిన్నీసు ఊడుతుందేమోనన్న బెంగ లేకుండా బస్సెక్కాలి, మెట్లెక్కాలి, పదిమంది ముందు నిలబడి మాట్లాడాలి. పైట మడతల మీద బెల్టు పడితే అది కదలదు. అందం సంగతి ఆ తర్వాత.

మొహెంజొదారో తవ్వకాల్లో ఎర్రటి పొడుగాటి కార్నెలియన్ పూసలు గుచ్చిన ఒడ్డాణం దొరికింది. నాలుగు వేల ఏళ్లు దాటిన వస్తువు. 1947లో దేశాన్ని పంచినప్పుడు దాని పూసలనూ విడదీసి అటు కొన్ని, ఇటు కొన్ని పంచారు. ఆ సంగతి చదివిన రోజు నాకు మనసు బాగాలేదు. ఎవరిదో ఒకరి నడుముకు కొలత చూసి గుచ్చి ఉంటారు కదా దాన్ని.

మా అమ్మమ్మ వడ్డాణం నా దగ్గరుంది. వెండిది, బంగారు పూత. ముందువైపు 11 బిళ్లలు, నడిమి బిళ్ల మీద ఎదురెదురుగా రెండు హంసలు, వాటి చుట్టూ ఎర్రరాళ్లు. ఒక రాయి ఊడిపోయి ఆ గూట్లో లక్క కనపడుతుంది. పూత అంచుల దగ్గర అరిగి తెల్లబడింది. ఇదంతా చూసి ముచ్చటపడేవాళ్లు చాలామంది. నేను మాత్రం దాన్ని తిరగేసి వెనక గొలుసు చూపిస్తాను. ఆ గొలుసులో కడియాలన్నీ ఒకటి కాదు. మొదటివి లావుగా, అరిగి నున్నగా ఉంటాయి. తర్వాత 5 కడియాలు కొంచెం సన్నం. ఆ తర్వాత 4 ఇంకో రకం, అతుకు గరుగ్గా ఉంటుంది. వాటి తర్వాత 3 పూత లేని ఒట్టి వెండి.

ఆ సన్నని 5 మా అమ్మ పుట్టాక వేయించినవి. 4 మా మామయ్య పుట్టాక. ఒట్టి వెండివి 3 ఆవిడకి యాభై దాటాక. కంసాలి కుంపటి, ఊదుగొట్టం తెచ్చుకుని వాళ్ల అరుగు మీదే కూర్చుని అతికి వెళ్లేవాడట. చిన్నప్పుడు నేను ఆ గొలుసు లెక్కపెడుతూ, "అమ్మమ్మా, నువ్వు లావయ్యావని అందరికీ తెలిసిపోదూ?" అని అడిగాను. "ముగ్గురు మనుషులం అన్నం తిని బతికామని తెలుస్తుంది. తెలియనీ" అంది. ముగ్గురెవరో నాకప్పుడు తెలియలేదు. తనూ, కన్న ఇద్దరు పిల్లలూ.

మా అమ్మమ్మది ఒక్కటే కాదు, వెనకటి వడ్డాణాలు ఎన్నో చూశాను నేను. పొడిగించుకోను వెనక గొలుసో, బిళ్లల మధ్య సీల తీసి ఇంకో బిళ్ల చేర్చే వీలో ఉండేది. పదహారేళ్లకి చేయించిన నగ అరవై ఏళ్లకీ పట్టాలన్నది ఆ కంసాలికీ తెలుసు, చేయించుకున్న ఇంటికీ తెలుసు. ఇవాళ డబ్బాలో వచ్చే బెల్టుకి 32, 34, 36 అని అంకె వేస్తారు. అంకె కుదరకపోతే లోపం మనిషిదే అనుకుంటారు. నాకు మండేది ఇక్కడే.

రెండేళ్ల కిందట మా అబ్బాయి రామప్ప గుడికి తీసుకెళ్లాడు. ములుగు జిల్లా పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే స్త్రీల శిల్పాలు, వరసగా ఉంటాయి. ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న బొమ్మను గైడు అందరికీ చూపిస్తున్నాడు. నా కళ్లు మాత్రం నడుముల దగ్గరే ఆగిపోయాయి, వృత్తి అలాంటిది. ఆ శిల్పాల్లో ఒడ్డాణం బొడ్డు మీద ఉండదు. బొడ్డుకి బాగా కింద, తుంటి ఎముక మీద కూర్చుంటుంది. దానికి పూసల పేటలు తోరణాల్లా తొడల మీదకి వేలాడుతుంటాయి. అమరావతి శిల్పాల్లోనూ అంతే. వాటిలో చాలా భాగం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ స్త్రీలకీ నాలుగైదు పేటల పూసలు తుంటి మీదే.

కుట్టేవాళ్లకి ఇది చిన్న సంగతి కాదు. తుంటి దగ్గర ఎముక ఉంది, బరువు మోస్తుంది. బెల్టు దాని మీద కూర్చుంటే పొట్టకి పని లేదు. తినొచ్చు, వంగొచ్చు, ఊపిరి తీసుకోవచ్చు. ఇప్పటి బెల్టు పైటను పట్టి ఉంచాలి కాబట్టి 3, 4 అంగుళాలు పైకి జరిగి మెత్తని పొట్ట మీదకి వచ్చింది. పొట్ట కొలత రోజంతా ఒకటిగా ఉండదు. పొద్దున ఒకటి, భోజనమయ్యాక ఒకటి. నిలబడితే ఒకటి, కూర్చుంటే ఒకటి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో నిలువు కొలతకీ కూర్చున్న కొలతకీ 2 అంగుళాల తేడా మామూలు, కాన్పులైనవాళ్లకి ఇంకా ఎక్కువ. పెళ్లికూతురు ఎక్కువసేపు గడిపేది పీటల మీద, కుర్చీలో. కొలత మాత్రం నిలబెట్టి తీస్తారు!

కూర్చోబెట్టి కొలవాలన్న బుద్ధి నాకు నాట్యం నేర్చుకునే పిల్లల దగ్గర వచ్చింది. కూచిపూడి ఊరు మా కృష్ణా జిల్లాలోదే కాబట్టి నాట్యం దుస్తులు కుట్టే పని నాకు తరచూ వస్తుంది. ఒక చిన్నదానికి నడుము పట్టీ నిలబెట్టి కొలిచి కుట్టిచ్చాను. అది మోకాళ్లు వంచి అరమండిలో కూర్చోగానే హుక్కు టప్పున తెగి ఎగిరిపడింది. ఆ రోజు నుంచి ఆ పిల్లలకి అరమండిలో కూర్చోబెట్టే కొలుస్తాను. తర్వాత పెళ్లికూతుళ్లకీ అదే పద్ధతి పెట్టాను.

బెల్టు కుట్టడం చూసేవాళ్లకి పట్టీ కుట్టినంత తేలిగ్గా కనపడుతుంది. నడుము గొట్టంలా ఉండదు కదా, పైన సన్నం, కిందకొచ్చేకొద్దీ వెడల్పు. 3 అంగుళాల పట్టీని నిటారుగా కత్తిరించి చుట్టారనుకోండి, కింది అంచు ఒంట్లోకి కోసుకుంటుంది, పై అంచు ఒంటికి ఆనకుండా విచ్చుకుంటుంది. అందుకే లోపల పెట్టే గట్టి బక్రం గుడ్డని నేను కొంచెం వంపు తిప్పి కత్తిరిస్తాను, కింది అంచు పై అంచుకన్నా అంగుళంన్నర ఎక్కువ వచ్చేలా. రెండు పొరల బక్రం, ఒంటివైపు మెత్తని కాటన్ లైనింగు. మగ్గం పని చేయించేటప్పుడు గుడ్డను చట్రానికి బిగించి, పని మొత్తం పూర్తయ్యాకే కత్తిరించాలి. ముందే కత్తిరిస్తే జర్దోసీ తీగె బిగువుకి వంపు పోతుంది. మోచేతులు రాసుకునే పక్కల్లో, కుర్చీకి ఆనే వీపువైపు పూసలు, రాళ్లు కుట్టించను. అక్కడ ఒట్టి దారప్పని చాలు. లేకపోతే రిసెప్షన్ అయ్యేసరికి పూసలు రాలి, చేతులు గీసుకుపోయి ఉంటాయి.

హుక్కులు ఒక వరస కాదు, అంగుళం ఎడంతో మూడు వరసలు. మొదటి వరస ఫొటోలకి, రెండోది పీటల మీదకి, మూడోది భోజనాలకి. హుక్కులు మామూలుగా వెనక ఎడమవైపు, పైట కింద దాగేలా. పాలిచ్చే తల్లి అయితే ముందు పక్కకి పెడతాను, ఒక్క చేత్తో విప్పుకోవాలి కదా.

"నాకు పొట్ట ఉంది అక్కా, నాకు బెల్టేంటి" అనేవాళ్లు వారానికి ఇద్దరైనా వస్తారు. కిందటేడు ఒక టీచరుగారు కూతురి పెళ్లికి జాకెట్టు కుట్టించుకోను వచ్చారు, ఆవిడకి 52 ఏళ్లు. కూతురు బెల్టు పెట్టుకోమంటుంది, ఈవిడ సిగ్గుపడుతున్నారు. చీర అంచులోంచే గుడ్డ తీసి, రెండు వేళ్ల వెడల్పున, బక్రం లేకుండా మెత్తగా కుట్టిచ్చాను. పొట్ట మీద కాకుండా దానికి కొంచెం పైన, నడుము సన్నబడే చోట పెట్టుకోమన్నాను. రంగు చీరదే కాబట్టి బెల్టు ఉందని కూడా చాలామందికి తెలియలేదు. పెళ్లిలో మూడు గంటలు వచ్చినవాళ్లందరినీ పలకరిస్తూ తిరిగారు, ఒక్కసారి కూడా పైట సర్దుకోలేదు. మర్నాడు ఫోను చేసి ఇంకో రెండు కుట్టమన్నారు, స్కూలుకి.

వెడల్పు బెల్టు ఛాతీకీ నడుముకీ మధ్య ఎడం ఎక్కువున్నవాళ్లకి బాగుంటుంది. పొట్టివాళ్లు అంగుళంన్నర దాటకపోతే మంచిది. కుర్తా మీద తోలు బెల్టు బిగించి కాదు, తుంటి మీదకి జార్చి పెట్టుకుంటే నిండుగా ఉంటుంది. ఇంతకన్నా నియమాలు అక్కర్లేదు.

ఒంటి సంగతి రెండు మాటలు చెప్పాలి. చౌక బకిల్సులో, కవరింగు నగల్లో నికెల్ కలుస్తుంది. అది కొంతమంది ఒంటికి పడదు. బొడ్డు చుట్టూ దురద, ఎర్రటి పొక్కులు వస్తే చాలామంది చెమట అనుకుని పౌడరు రాసుకుంటారు. లోహం ఒంటికి తగలకుండా వెనక గుడ్డ వేయించండి, అయినా తగ్గకపోతే చర్మం డాక్టరుకి చూపించండి. రెండోది ఇంకా ముఖ్యం. బెల్టు పైకి కనపడుతుంది కాబట్టి దాని గురించి అడుగుతారు, లోపల లంగా బొందు గురించి ఎవరూ అడగరు. 2024లో మహారాష్ట్ర, బీహార్ వైద్యులు బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో ఇద్దరు పెద్ద వయసు స్త్రీల సంగతి రాశారు. ఏళ్ల తరబడి ఒకేచోట బిగించిన కట్టు ఒరిపిడికి నడుము మీద పుండు పడి, మానక, చివరికి చర్మ క్యాన్సరుగా మారింది. ఇది అరుదే. కానీ నడుము చుట్టూ నల్లటి చార లేని చీర కట్టు మనిషిని నేను తక్కువ చూశాను. సన్నని బొందు బదులు 3 అంగుళాల వెడల్పు పట్టీ పెట్టి లంగా కుట్టించుకోండి. ఒరిపిడి ఒకేచోట పడదు. ఇంట్లో ఉన్నప్పుడు వదులు చేయండి. చార మీద పుండు పడి మానకపోతే ఆలస్యం చేయొద్దు.

బంగారం మాటకొస్తే, అది కొనగలిగినవాళ్ల ఇష్టం. కాసుకి 8 గ్రాములు. ఒక మోస్తరు వడ్డాణం 25 కాసులంటే 200 గ్రాములు. రాళ్ల బరువు తీసేసి ఒట్టి బంగారం ఎంతో విడిగా రాయించుకోండి, తరుగు, మజూరీ ఎంతో అడగండి, ఆరు అక్షరాల హాల్‌మార్క్ సంఖ్య ఉందో లేదో చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఇవన్నీ అడుగుతారు సరే, వెనక పొడిగించుకునే గొలుసు ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. లాకర్లో పెట్టి పిల్ల పెళ్లినాటికి తీస్తే అందదు. అప్పుచేసి వడ్డాణం పెట్టే ఇళ్లనీ చూశాను, ఆ పని మాత్రం చేయకండి. మా బందరు పక్కనే చిలకలపూడి ఉంది. అక్కడి రోల్డుగోల్డు నగలు దేవుళ్లకీ నాట్యం చేసేవాళ్లకీ ఎన్నాళ్లుగానో వెళుతున్నాయి. అవి పెట్టుకున్న పెళ్లికూతురికి ఏ వెలితీ ఉండదు. పాదాలకి బంగారం పెట్టకూడదని మనవాళ్లు నడుం దగ్గరే దాన్ని ఆపేశారు, కింద పట్టీలు, మెట్టెలు వెండివే. నాకైతే నడుముకీ వెండే చాలు. అమ్మమ్మదే పెట్టుకుంటాను. మా అబ్బాయి పెళ్లికి ఆ గొలుసుకి నేనూ 2 కడియాలు చేర్పించాను.

మీ ఇంట్లో పెళ్లి ఉంటే, బెల్టు కొనేముందు ఒక పని చేయండి. ఆ రోజు కట్టుకోబోయే లంగా, చీర కట్టించండి. అమ్మాయికి కడుపునిండా అన్నం పెట్టండి. కుర్చీలో కాదు, పీట మీద కూర్చోబెట్టండి. అప్పుడు టేపు చుట్టి, రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచి కొలవండి. ఆ అంకె కాగితం మీద రాసుకుని కొట్టుకి వెళ్లండి. మళ్లీ నిలబెట్టి కొలుస్తామంటే వద్దనండి.